పిండి దుమ్ము దావా

"నల్లగుడ్డ మీద పిండి పడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా మేడమ్?" అంది దర్జీ, లాయరు కోటు వంక చూస్తూ.

లాయరమ్మ నవ్వి, కాగితాలు ముందుకు లాక్కుంది.

విషయం సూటిగానే ఉంది. దర్జీ కొట్టుకూ పక్కనున్న పిండిమరకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ గోడకు పైన, గాలి కోసం వదిలిన సందు. మర తిరిగినంతసేపూ ఆ సందులోంచి దుమ్ము వచ్చి బట్టల మీద పేరుకుంటుంది. దుమ్ము వల్ల బట్టలు మాసాయి. మాసిన బట్టల వల్ల మాటలు పడాల్సి వచ్చింది. మాటలన్నవాళ్ళు మరో కొట్టు చూసుకున్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఆమె తన కొట్టుకు తాళం వేసుకోవడమే మిగులుతుంది. కనుక కోర్టుకెక్కి ఆ మరను ఆపించాలని ఆమె పంతం.

ఆమె ఒంటరిగా రాలేదు. ఆమె బాబాయ్ అని పిలిచే పెద్దాయన స్కూటరు మీద తీసుకొచ్చాడు. తాను బయటే కూర్చుంటానంటే ఆమె ఒప్పుకోలేదు.

"రండి బాబాయ్, మీరూ వినాల్సిందే" అని లోపలికి లాక్కొచ్చింది.

"ఖర్చెంతవుతుందమ్మా?" కుర్చీలో కూర్చుంటూనే అడిగాడు పెద్దాయన. గొంతు కాస్త పెద్దది.

లాయరమ్మ వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. కోర్టు ఫీజు. తన ఫీజు. దుమ్ము ఎక్కడినుంచి వస్తోందో చూసి నివేదిక ఇచ్చేందుకు కోర్టు పంపే కమిషనరు ఫీజు. సాక్షుల రానుపోను ఛార్జీలు. వాయిదా ఉన్న ప్రతిసారీ కొట్టు మూసుకుని రావాలి గనుక, పోయిన ఆ రోజు సంపాదన.

"ఓడిపోతే?"

"అవతలివాళ్ళ ఖర్చులు కూడా మీ నెత్తిన పడొచ్చు. గెలిచారనుకోండి, అతను అప్పీలుకు వెళ్తాడు. అప్పుడు లెక్కపెట్టడానికి రెండో చెయ్యి కూడా ఎత్తాలి."

"ఎంతైనా సరే మేడమ్! కుట్టుమిషను అమ్మైనా సరే, పోరాడతాను."

"మిషను అమ్మేశాక ఇంక దుమ్ము పడితే ఏమిటే, పడకపోతే ఏమిటే?" అన్నాడు పెద్దాయన.

లాయరమ్మకు ఆయన తెగ నచ్చాడు.

"మరి అవతలివాడికో?" పెద్దాయన ముందుకు వంగాడు. "వాడికీ ఇంతే పడుతుందా?"

"ఇంతకింత. తీర్పు వచ్చేలోగా మర ఆపమని కోర్టు అందంటే ఆదాయం సున్నా. లాయరు ఫీజు మాత్రం మామూలే."

పెద్దాయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నిజానికి ఆ సందు మూసేసి, దుమ్మును గొట్టంలోంచి కప్పు పైకి పంపిస్తే చాలు," అంది లాయరమ్మ. "మొదటి ఏడాది మీ రెండు పక్షాలకూ అయ్యే ఖర్చులో దానికి పావు వంతు కూడా కాదు. ఆ మాట అతనికి ఎవరైనా చెప్పారా?"

"చెప్పకేం? 'నీ దిక్కున్నచోట చెప్పుకో, కోర్టుకెళ్తావో ఎక్కడికెళ్తావో పో' అన్నాడు!"

"కోపంలో నోరు జారి ఉంటాడులేవే" గొణిగాడు పెద్దాయన.

"మీరు అతన్ని వెనకేసుకు రాకండి బాబాయ్!"

"కోపంలో నోరు జారితే ఇద్దరూ కోర్టుల చుట్టూ తిరగాలా?" అంటూ లాయరమ్మ కాగితాలు పక్కకు నెట్టింది. "చూడమ్మా, ఇలాంటి బాబాయి అండగా ఉండగా నీకు నాతో పనేమీ లేదు. దావా సంగతి తర్వాత. ముందు ఆ మర యజమానిని ఓసారి ఇక్కడికి పిలిపించు. ఇవే లెక్కలు అతనికీ చెబుతాను."

పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఇంకా పిలిపించడం దేనికమ్మా, రేపు ఆ గొట్టం పెట్టించబోయేవాణ్ణి నేనే, నా మర ఆపేసి మరీ వచ్చి ఇందాకట్నుంచీ మీ ఎదుటే కూర్చుంటే!"