నిలబడ్డ బొమ్మ

వినోద పార్కులకి నమూనాలు చేసే గౌరునాయుడు ప్రతి నమూనాలోనూ గుమ్మం పక్కన గోరంత మనిషి బొమ్మని నిలబెడతాడు. అప్పుడే గుమ్మం ఎత్తెంతో తెలుస్తుంది. ‘పాతకాలపు వీధి’ నమూనాలో ఆ బొమ్మకి సరదాగా భార్య పైడమ్మ ముఖం చెక్కాడు.

ఇప్పుడు పార్కులు కట్టేవి యంత్రాలు. నమూనాలో ఉన్నదల్లా పార్కులో ఉండి తీరాలంటాయి. వీధి కట్టడం అయ్యాక పైడమ్మని వెతికి పట్టుకున్నాయి. రానంటే ఇంటికి నీళ్లు ఆపేస్తామన్నాయి.

పొద్దుట్నించీ గుమ్మం పక్కన నిలబడి ఇంటికొచ్చిన పైడమ్మ, వాచిన కాళ్లు పట్టుకుని కూలబడింది.

“కూకుంటానంటే ఒప్పుకోవు. బొమ్మ నిల్చునే ఉందంట.”

గౌరునాయుడు తల వంచుకున్నాడు.

“రెండో వీధి నమూనా కూడా ఇచ్చీసినావా?”

“నిన్ననే ఇచ్చీసేను.”

“అందులో గుమ్మం కాడ ఎవుల్ని నిలబెట్టినావు?”

అతను మూలన చదువుకుంటున్న కూతురికేసి చూశాడు.