మూకుట్లో ఇసుక

కళింగపట్నం తీరానికి కంచె వేసి పదేళ్లయింది. అక్కడి నల్ల ఇసుకలో దొరికే లోహం లేకపోతే ఇప్పుడు ఓడ కదలదు, రాకెట్ లేవదు. దానికోసం రెండు పెద్ద దేశాల యుద్ధనౌకలు సముద్రం మీద ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి.

కంచె బయట ఆ ఇసుక గుప్పెడు కూడా ఉండకూడదని చట్టం. తనిఖీ అధికారి దాలమ్మ వేరుశనగల బండి దగ్గరికి రాగానే, ఆ ఇసుకను పసిగట్టే మీటరు అతని చేతిలో ఆగకుండా మోగింది. అతను మూకుట్లోకి వంగి చూశాడు.

"ఈ ఇసుక ఎక్కడిదమ్మా?"

"మా యమ్మ నాటిది బావూ. నలబై ఏళ్లుగా దీంతోనే యేపుతన్నాం."

నలభై ఏళ్ల జల్లెడకు తేలిక రేణువులన్నీ గాలికి పోయి, బరువైనవే మిగిలాయి. అధికారి గొంతు తగ్గించాడు.

"తీరమంతా తవ్వినా ఇంత మేలైనది దొరకలేదు. దీన్ని పట్టుకెళ్లాలి."

దాలమ్మ సముద్రం వైపు చూసింది.

"దీనికోసమేనేటి ఆ ఓడలు?"

"దీనికోసమే."

ఆమె గరిటెతో ఇసుక ఎత్తి మెల్లగా జార్చింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ చూస్తున్న ఇసుక, ఎండలో కొత్తగా మెరిసింది.

"అయితే గింజలు యేగనీండి బావూ. ఇప్పుడు తీస్తే పచ్చిగుండిపోతాయి."

అధికారి టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. గింజలు వేగేదాకా అతనూ ఆగాడు, ఆ రెండు దేశాల ఓడలూ ఆగాయి.