బతికున్న చెక్కలు

1931 ఏప్రిల్ 13. ఆ సాయంత్రం గంజిలోకి కాల్చిన నెత్తళ్ళు నంజుకున్న సంగతి బంగారయ్య ఎప్పటికీ మరచిపోలేదు.

మలయా దేశంలోని కువాలా సెలంగోర్‌లో ఆ చెక్కయిల్లు చూసుకునేది అతనూ, భార్య ఎర్రమ్మా. రబ్బరు తోటల్లో పని పోయిన నాలుగు కుటుంబాలు అందులో తలదాచుకున్నాయి.

చెదలు పట్టింది, నెలాఖరుకు కూల్చేస్తామని సర్కారు కాగితం వచ్చి వారమైంది.

గంజి సగంలో ఉండగా బయట టక్ టక్‌మని చప్పుడు.

ఎవరో ముసలాయన. చిన్న సుత్తితో గోడ చెక్కలు ఒక్కొక్కటే కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"ఏటయ్యా, ఇల్లు పడకముందే సెక్కలేరుకోడానికొచ్చినావా?" ఎర్రమ్మ గయ్‌మంది.

"కాదమ్మా. దేశానికెల్లిపోతన్నాను. ఓపాలి సూసెల్దామని."

"సూడ్డానికిదేటి, తీర్తమా?"

ముసలాయన నవ్వాడు. తలుపు మీద చెయ్యివేసి ఆగిపోయాడు.

"ఈ గడియ కొత్తదా?"

"దొంగలకి బయపడి నేనే ఏయించినాను," అన్నాడు బంగారయ్య.

"ఈ రేత్రికి ఇక్కడ తొంగోనా, బావూ?"

"సోటు లేదు."

బంగారయ్య గడియ వేసుకుని, మిగిలిన గంజి తాగాడు.

మూడో రోజు మధ్యాహ్నం సర్కారు ఆఫీసు గుమాస్తా లారెన్స్ వచ్చాడు.

"ఇల్లు కూల్చరు! మూడు సెక్కలు, ఒక స్తంబం మారిస్తే సాలంట."

"ఎవులు సెప్పినారు?"

"ఒక పెద్దాయన. ఏ సెక్క సచ్చిపోనాదో, ఏది బతికున్నాదో వరసగా దొరకి సెప్పినాడు. నిన్న దొరొచ్చి కత్తితో పొడిసి సూసినాడు గదా, ఒక్కటీ తప్పు లేదు."

"ఆయనకేటి పట్టిందీ?"

"ఓడ దిగినోలందరం మొదటి ముద్ద ఈ ఇంట్లోనే తిన్నాం, పడగొట్టకండని బతిమాలినాడు."

"ఏడీ ఆయన?"

"పొద్దున్నే ఓడెక్కేసినాడు."

"ఓలమ్మో! గంజైనా పొయ్యలేదు," ఎర్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పేరేటి?" అడిగాడు బంగారయ్య.

లారెన్స్ కాగితం తిరగేశాడు. "అప్పన్న."

బంగారయ్య లోపలికి వెళ్ళి గడియ ఊడదీశాడు.

ఆ సాయంత్రమే తోట నుంచి మరో కుటుంబం మూటలతో వచ్చింది. ఎర్రమ్మ పేరైనా అడక్కుండా గంజి పోసింది. జరిగితే చోటు దొరికింది.

అందరూ పడుకోబోతుండగా, ఓడ దిగి వచ్చినవాళ్ళకు ఏ వేళా అడ్డు ఉండకూడదని ఇరవై ఏడేళ్ళ కిందట ఈ ఇల్లు కట్టినప్పుడు వడ్రంగి అప్పన్న గడియే పెట్టకుండా చేసిన ఆ తలుపును, బంగారయ్య చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.