పంపు వేగం

ల్యాబులో కొత్తమ్మాయి భోజనానికి లేవగానే, సీనియర్ మెల్లగా ఆమె పంపు దగ్గరికి వెళ్లింది.

గాజు పలక మీద మనిషి కణాలు, వాటిని అంటిపెట్టుకుని బాక్టీరియా. పంపు తోసే ఉప్పునీరు వాటి పైనుంచి సన్నగా పారుతోంది. ఆ ధారకు ఎన్ని కొట్టుకుపోతాయో, ఎన్ని పట్టు వదలకుండా ఉంటాయో లెక్కపెట్టడమే ఇద్దరి పనీ. నిన్నగాక మొన్న చేరిన పిల్ల లెక్కలు చూసి డైరెక్టరు మురిసిపోతుంటే, సీనియర్‌కు కడుపు మండిపోతోంది.

మీట తిప్పి ధార వేగం పదింతలు చేసింది. అన్నీ కొట్టుకుపోతాయి. రేపు మీటింగులో ఖాళీ పలక ముందు పెట్టుకుని ఆ పిల్ల నీళ్లు నమలాలి.

కొత్తమ్మాయి తిరిగొచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. చాలాసేపటిదాకా తీయలేదు.

"అక్కా, ఇటు రా. ఎవరో వేగం పెంచేశారు."

"అయ్యో, అన్నీ పోయాయా?"

"ఒక్కటీ పోలేదు. మెల్లగా పారినప్పుడే జారిపోయేవి. ఇప్పుడు లాగేకొద్దీ గట్టిగా పట్టుకుంటున్నాయి. ఇలాంటిది మనమెప్పుడూ చూడలేదక్కా."

సీనియర్ వంగి చూసింది. నిజమే. ఇన్నేళ్లుగా తను ఎదురుచూసిన ఫలితం తన చేత్తోనే వచ్చింది, ఇంకొకరి పలక మీద.

"పంపు నువ్వుగానీ ముట్టుకున్నావా? చెప్పక్కా, పరిశోధన పేపర్లో నీ పేరే ముందు వేద్దాం."

ఆ పిల్ల కళ్లలో వెటకారం కోసం వెతికింది. ఎక్కడా లేదు.

"నీ పంపుతో నాకేం పని?" అంది సీనియర్.

"అయితే నా ఒక్కదాని పేరే వేసుకోవాలేమో," అంది కొత్తమ్మాయి దిగులుగా.