రోడ్డుకు ఇవతలి బడి

"మల్లా మొదట్నుంచి చెప్పు. ఆయప్ప పేరు కాడనే తడబడతాండావు," అంది రత్నమణి, కూతురి జడ బిగిస్తూ.

"స్పిరు హారెట్," అంది జీవిత. "రుమేనియా దేశపు లెక్కల పండితుడు. గ్రహాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి కాబట్టి వాటి దారులు ఎల్లకాలం ఒకేలా ఉంటాయని నమ్మలేమని లెక్కగట్టి చూపించాడు."

"అంటే భూమి దారి తప్పుతాదా?"

"ఇప్పుడే కాదులేమ్మా."

"ఆ లారీలు తప్పకుంటే అదే చాలు."

రత్నమణి భయమంతా ఆ లారీలే. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి నింపుకుని ఊరి ముందు రోడ్డు మీద రేయింబగళ్లు పోతుంటాయి. రోడ్డుకు ఇవతల ఐదో తరగతి దాకా బడి. అవతల పెద్దూరి బడి. ఐదు చదువుతున్న జీవితకు వచ్చే ఏడు రోడ్డు దాటక తప్పదు. ఆ తలపు వస్తే చాలు, రత్నమణికి ముద్ద దిగదు. చిన్నది ప్రేమజ్యోతి ఇంకా ఒకటో తరగతే, అదొక్కటే ఊరట. ఆ ఊరటకూ ఇప్పుడు గండం వచ్చింది. పిల్లలు తక్కువున్న బళ్లు మూసేస్తున్నారట. గణిత దినోత్సవం పేరుతో ఈ రోజు అధికారి వస్తున్నది అది తేల్చడానికేనట.

బడి వాకిట్లో శివకుమారి టీచరు కనిపించింది. బడికంతా ఆమె ఒక్కతే టీచరు.

"మూస్తారా ఏంది టీచరమ్మా?"

"పదిమంది ఉంటే మూయరు. మనకు సరిగ్గా అంతమందే ఉండారు," అంటూ నల్లబల్ల మూల సుద్దముక్కతో రాసిన పదిని చూపించింది టీచరు. "నువ్వు ఊరికే బెంగపడి పిల్లను బెదరగొట్టాకు."

అధికారి వచ్చాడు. వేలితో తలలు లెక్కపెట్టాడు. "సరిపోయింది. ఉంచుదాం," అన్నాడు.

"స్తోత్రం తండ్రీ," అనుకుంది రత్నమణి. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. జీవిత మాట్లాడటానికి లేచి నిలబడింది.

పిల్ల ఈసారి తడబడలేదు. "ఆయన మంత్రి అయినాక పల్లెపల్లెకూ బళ్లు కట్టించాడు. చంద్రుడి మీద ఒక గుంటకు ఆయన పేరు పెట్టారు. అది మనకు కనపడని వైపు ఉంది."

"కనపడని గుంటకు పేరు పెడితే ఏం లాభం పాపా?" అన్నాడు అధికారి, నవ్వుతూ.

"కనపడకున్నా ఉంటాది కదా సార్."

అందరూ నవ్వారు. అధికారి మాత్రం నవ్వు ఆపేశాడు.

"ఈ పిల్ల తల్లి ఎవరమ్మా? ఇట్లాంటి పిల్ల ఈడ ఉండగూడదు. కడప గురుకులంలో ఐదో తరగతిలో ఒక సీటు ఖాళీ ఉండాది. సోమవారమే చేర్చండి. తిండీ పడకా ఆడనే."

"రోడ్డు దాటే పని ఉండదు గదా సార్?"

"గేటే దాటనియ్యరు తల్లీ."

రత్నమణి రెండు చేతులూ జోడించింది. అధికారి జీపు కదిలాక టీచరు దగ్గరికి పోయింది.

"అంతా నీ చలవే టీచరమ్మా. పంపమంటావా?"

టీచరు తలుపులోంచి నల్లబల్ల వైపు చూసింది. పిల్లను చూసింది.

"వద్దనే దానికి నేనెవర్ని రత్నమణీ? పిల్ల బతుకు. పంపు."

లోపలికి పోయి నల్లబల్ల మూలనున్న పదిని అరచేత్తో తుడిచింది.

"సుద్దంతా చేతికి అంటుకుంటాది. ఉండు, గుడ్డ తడిపి ఇస్తా," అంది రత్నమణి.

సోమవారం జీవితను గురుకులంలో చేర్చి వచ్చింది. ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నా బిడ్డ ఆ రోడ్డు దాటకుండా దేవుడు కాపాడినాడు," అంది. అందరూ ఆమెన్ అన్నారు. వెనక వరుసలో ప్రేమజ్యోతి అందరికంటే గట్టిగా అంది.

మర్నాటి నుంచి ప్రేమజ్యోతి రోడ్డు దాటి పెద్దూరి బడికి పోతోంది.