భయం బాబాయ్

భయం బాబాయ్ మళ్ళీ చెయ్యెత్తాడు.

క్లాసంతా కిసుక్కున నవ్వింది.

టీచరు చేతిలో సుద్దముక్క పటుక్కున విరిగింది. ఈ వారంలో పూర్తి చేయాల్సిన పాఠాలు ఇంకా మూడున్నాయి. పూర్తి కాకపోతే ట్యుటోరియల్ యజమాని నిలబెట్టి అడుగుతాడు. ఈయనేమో నాలుగు రోజులుగా ఒకే పాఠం దగ్గర బండరాయిలా కూర్చున్నాడు. భయాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలు.

"వాట్?" అంది విసురుగా.

"మేడమ్... స్కేర్డ్, టెరిఫైడ్... వాయిస్ సేమ్?"

యాభయ్యేళ్ళ మనిషి గొంతు వెనక బెంచీ మీంచి పిల్లికూనలా వచ్చింది.

"వాయిస్ ఏంటండీ? స్కేర్డ్ అంటే కొంచెం భయం, టెరిఫైడ్ అంటే చాలా భయం. రాసుకోండి, వదిలేయండి!"

కోపం మాత్రం ఆమెకు తెలుగులోనే వచ్చేది.

మిగతావాళ్ళకు ఆ సౌకర్యం లేదు. తలుపు మీదే బోర్డుంది, ఈ గదిలో తెలుగు మాట్లాడకూడదని. ఒక్క మాట దొర్లినా లేచి నిలబడాలి. అలా అయితేనే భాష వస్తుందని ఆమె గట్టి నమ్మకం.

"బాబాయ్‌కి ఇంట్లో పిన్నంటే భయమేమో" అని ముందు బెంచీలోని బట్టల షాపు సేల్స్‌మన్ గొణిగాడు.

గొణిగినందుకు లేచి నిలబడ్డాడు.

చేరిన రోజు భయం బాబాయ్ నింపిన కాగితంలో ఉద్యోగం అన్నచోట 'ఫోన్లో మాట్లాడటం' అని ఉంది. ఇంగ్లీషు ఎందుకు అన్నచోట, 'శుక్రవారం ఆఫీసులో పరీక్ష. తప్పితే నా కుర్చీ పోతుంది' అని ఉంది.

ఫోన్లో ఏ సబ్బులో అమ్ముకునేవాడికి ఇన్ని రకాల భయాలెందుకో ఆమెకు బోధపడలేదు. అడగడానికి తీరికా లేదు. గంట కొట్టగానే ఆమె మెట్లు దిగి పరుగే. ఇంట్లో తండ్రికి మాత్రల వేళ.

ఆ సాయంత్రం ఆమె వెళ్ళేసరికి తండ్రి దేవుడి పటం ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"ఆ పేరు తెలియనాయన్ని చల్లగా చూడు స్వామీ."

మూడేళ్ళుగా రోజూ ఇదే మాట. అసలే తల వేడెక్కి ఉందేమో, ఆమె ఉండబట్టలేకపోయింది.

"పేరు కూడా చెప్పకపోతే దేవుడు ఎవరికని ఇస్తాడు నాన్నా?"

"అడ్రసు ఆయన దగ్గరుంటుందిలేవే. మనం చెప్పడం వరకే."

ఆమె మాత్రలు, మంచినీళ్ళు ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం నాడు వెనక బెంచీ మీద మళ్ళీ చెయ్యి లేచింది.

"మేడమ్, లాస్ట్ వర్డ్. నో స్కేర్డ్. నథింగ్ హాపెన్... బట్..."

భయం బాబాయ్‌కి మాట అందలేదు. ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, రెండో చేత్తో దూరం నుంచి ఏదో వస్తున్నట్టు చూపించాడు.

"కమింగ్... కమింగ్... వర్డ్ వాట్?"

"బస్!" అన్నాడు సేల్స్‌మన్.

క్లాసు గొల్లుమంది. అన్నది ఇంగ్లీషు మాటే కాబట్టి నిలబెట్టడానికీ లేదు.

ఆమె పుస్తకం టేబుల్ మీద విసిరికొట్టింది.

"మీ ఒక్కరి కోసం ఇరవై మంది ఆగాలా? రోజూ ఈ తమాషా ఏంటండీ? బయటికి నడవండి!"

ఆయన నోరు తెరిచాడు. తలుపు మీది బోర్డు చూశాడు. నోరు మూసుకున్నాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు రెండు పాఠాలు చకచకా అయిపోయాయి.

శనివారం బెంచీ కింద ఆయన నోటుపుస్తకం దొరికింది. ఎడమవైపు ఇంగ్లీషు మాటలు. కుడివైపు గుండ్రటి తెలుగు రాత.

'స్కేర్డ్: గబగబా మాట్లాడతారు. అడ్రసు సగమే చెబుతారు. మళ్ళీ అడగాలి.'

'పానిక్: అరుస్తారు, తిడతారు. మనసులో పెట్టుకోకూడదు.'

'టెరిఫైడ్: మాట రాదు. ఊపిరే వినిపిస్తుంది. మనమే మాట్లాడుతూ ఉండాలి.'

ఆఖరి వరసలో ఇంగ్లీషు మాట ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. పక్కన ఇలా రాసి ఉంది.

'ఏమీ కాలేదంటారు. కానీ ఏదో ముంచుకొస్తోందంటారు. గుండె జబ్బు కావచ్చు. అంబులెన్సు ముందు వీళ్ళకే పంపాలి. ఈ మాట మేడమ్‌ని అడిగి తీరాలి.'

ఆమె బెంచీ మీద కూలబడింది.

అమ్మేది సబ్బులు కాదు.

డ్రెడ్. ఒక్క మాట. చెబితే అరక్షణం పట్టేది.

నోటుపుస్తకం అట్ట మీది నంబరుకు ఫోన్ చేసింది.

"డ్రెడ్ అండీ! మీరడిగిన మాట డ్రెడ్!"

అవతల నవ్వు వినిపించింది.

"అంతేనా మేడమ్? ఇంత చిన్న మాటా! దాని కోసం మిమ్మల్ని నానా తిప్పలూ పెట్టాను."

ఆయన క్లాసులో చేరాక తెలుగు మాట్లాడగా వినడం ఆమెకు అదే మొదలు. ఎక్కడా తొణకని, తొందరపడని గొంతు.

"మీ పరీక్ష..."

"తప్పానండి. సోమవారం నుంచి సామాన్ల గదికి మార్చారు. హాయిగానే ఉంటుంది లెండి. అక్కడ ఫోన్ మోగదు."

ఆమె ఏదో అనబోయింది. ఆ గొంతు ఎక్కడ విన్నదో గుర్తొచ్చి, మాట గొంతులోనే ఆగిపోయింది. ఫోన్లోకి ఊపిరి మాత్రమే వెళుతోంది.

అవతలి మనిషికి అది చాలు.

"అమ్మా, కంగారు పడకండి. నిదానంగా ఊపిరి తీసుకోండి. నేను లైన్లోనే ఉన్నాను, ఎక్కడికీ పోను."

మూడేళ్ళ కిందట, స్నానాల గదిలో స్పృహ తప్పిన తండ్రి తలను ఒళ్ళో పెట్టుకుని ఆమె వణికిపోతుంటే, అంబులెన్సు వచ్చేదాకా పంతొమ్మిది నిమిషాలు ఇవే మాటలు చెబుతూ ఉండిపోయిన ఆ పేరు తెలియనాయన, ఇన్నాళ్ళూ ఆమె క్లాసులోనే, వెనక బెంచీ మీద, తెలుగులో ఒక్క మాటకు కూడా నోచుకోకుండా కూర్చున్నాడు.