తిట్లు వింటూ పుట్టిన కోడిపిల్లలు

కోడిపెట్టలు పొదగడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఇంటింటికీ ఒక పొదిగే పెట్టె ఉంది. అది ఇంటావిడ మాటలు విని, రోజంతా గుడ్లకు వినిపిస్తుంది. పుట్టిన పిల్లలు ఆ గొంతునే తల్లి అనుకుంటాయి. ముద్దుగా మాట్లాడమని అమ్మినవాళ్లు మరీ మరీ చెప్పారు. నాగరత్నం ముద్దుగానే మాట్లాడింది గానీ, తరవాత మీట ఆపడం మరిచిపోయింది. ఆపైన పెట్టె విన్నవన్నీ మొగుడు భూషణాన్ని ఆమె తిట్టిన తిట్లే.

ఇక చూడండి. "బుజ్జితల్లీ" అని పిలిస్తే ఒక్క పిల్లా కదలదు. "ఏం మనిషివయ్యా నువ్వు!" అంటే చాలు, అన్నీ ఉరుక్కుంటూ వచ్చేస్తాయి.

ఆ ఉదయం పెరటి మీద గద్ద తిరుగుతోంది. పిల్లలు తలో మూలా మేస్తున్నాయి.

"తిట్టవే, తొందరగా!" అన్నాడు భూషణం.

"ఏం మనిషివయ్యా నువ్వు..." అంది నాగరత్నం. అందులో కోపం లేదు. పిల్లలు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి.

"పొద్దున్నే లేచి పాలు పితికావు, నీళ్లు తోడావు. ఏమని తిట్టేదయ్యా?" ఆమెకు ఏడుపొచ్చింది.

గద్ద కిందికి దిగుతోంది. భూషణం అటూ ఇటూ చూశాడు. ఆమె అప్పుడే పెట్టిన గుమ్మడి వడియాలు పాత చీర మీద తడితడిగా మెరుస్తున్నాయి. బురదకాళ్లతో వాటి మీదుగా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచాడు.

నాగరత్నం కేక ఊరంతా వినిపించింది. పిల్లలన్నీ రివ్వున వచ్చి ఆమె కుచ్చిళ్ల కింద దూరాయి. గద్ద గాల్లోనే వెనక్కి తిరిగి పారిపోయింది.

ఆమె చీపురు అందుకుంది. ముందు భూషణం పరుగు, వెనక ఆమె. ఆమె వెనక, ఇవాళ అమ్మ మంచి హుషారుగా ఉందని మురిసిపోతూ, పిల్లల దండు.